కామారెడ్డి మెట్టలలో పూలదారి

ఉద్యానవనమనగానే మన మనస్సునకు దోచునది పచ్చని పచ్చిక, గులాబీ మళ్లు, నీరు చిమ్ము గొట్టములు, నడుమ నొక పాలరాతి బొమ్మ. పట్టణములలో మనము చూచి మురిసిన తోటలన్నియు నీ మాదిరివే. నీరు లేనిదే తోట లేదని మన నిశ్చయము. కాని ముండ్లచెట్లను, రాళ్లను, ఎండను మూలధనముగా గొని వెలసిన తోటలు గూడ లోకమున గలవు. అట్టి తోటలను గూర్చి చదువుచుండగా మా దృష్టి దూరదేశముల నుండి మఱలి మన కామారెడ్డి, ఎల్లారెడ్డి మెట్టనేలల మీద నిలిచినది. భాద్రపద మాసము చివర, ఎంగిలిపూల బతుకమ్మకు నాలుగు దినములు ముందుగా, మేము ముగ్గురము స్త్రీలము ఆ దారిని బోయి చూచి వచ్చితిమి. చూచినదానిని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ముందుగా ఆ దూరపు తోట ముచ్చట. అమెరికా సంయుక్తరాష్ట్రములలో అరిజోనా యను రాష్ట్రము గలదు. దాని ముఖ్యనగరమగు ఫీనిక్సు ఎడారి నడుమ నున్నది. వేసవిలో 43 డిగ్రీల ఎండ యచట సామాన్యము. 1930 తరువాతి వత్సరములలో నగరము పెరుగుచు, చుట్టునున్న ఎడారిని వట్టి బీడుగా నెంచి చదును చేయుచుండెను. అప్పుడు గుస్తాఫ్ స్టార్క్ అను వృక్షప్రేమికుడు ‘ఎడారిని కాపాడుడు’ అని యొక పలకపై వ్రాసి నిలిపెనట. ఆ పనిలో గూడినవారిలో గెర్ట్రూడ్ డివైన్ వెబ్‌స్టర్ అను నామె యొకతె. కలిగినది, పట్టుదల గలది. ధనమిచ్చి, పదుగురిని గూర్చి, సంఘమునకు దొలి యధ్యక్షురాలై నిలిచినది. 1939లో ఎడారి వృక్షోద్యానము తెరువబడినది. నేడు దాని విస్తీర్ణము 140 ఎకరములు. అందలి మొక్కలు ఏబది వేలకు మించినవి. జెముళ్ల నడుమ గాజుశిల్పములు నిలిపి ప్రదర్శనములు జరుపుదురు. డిసెంబరు రాత్రులందు దారుల వెంట వేలకొలది దీపములు వెలిగించి సంగీతము వినిపింతురు.

ఆ తోటకు రాజు సగ్వారో యను మహాజెముడు. అది యొక చేయి చాచుటకే ఏబది యేండ్లకు పైగా పట్టును. పగటి యెండలో తన యాకురంధ్రములన్నియు మూసికొని, రాత్రి చల్లబడిన పిమ్మట తెరచి గాలి పీల్చుకొనును. వేసవిలో తెల్లవారక మునుపే వంటపని ముగించుకొని, తలుపులు చేరవేసికొను మన యిల్లాండ్ర తెలివియే ఆ చెట్టునకును గలదు. ఆ దేశపు ఆదివాసులగు తోహోనో ఓఒధాం స్త్రీలు ఎండలు ముదిరిన దినములలో, ఎండిన సగ్వారో వెన్నులనే పొడవైన కఱ్ఱలుగా గట్టి, పైనున్న పండ్లను రాల్చి, కాచి పాకము చేసికొందురు. తోట పుట్టక మునుపు తరతరములుగా ఎడారిని ఎఱిగినవారు వారే.

ఇది చదివినప్పుడు మాకు నవ్వు వచ్చినది. ముండ్లలో పండ్లు కోయుట, ఎవరును నాటని పూవులతో శిల్పము కట్టుట, దీపము పెట్టి దాని చుట్టును పాడుట – ఇవి మన తెలంగాణమున ఏటేట జరుగుచునే యున్నవి గదా! టిక్కెట్టు మాత్రమే లేదు.

కామారెడ్డి సికింద్రాబాదు నుండి నిజామాబాదు పోవు రైలుదారిలో నున్నది. 2016 అక్టోబరు 11వ తేది నుండి జిల్లాకు కేంద్రము. బెల్లపు వర్తకమునకు బహుకాలముగా పేరుపడిన యూరు. ఊరు దాటి పడమటగా తాడ్వాయి మీదుగ, లింగంపేట మీదుగ ఎల్లారెడ్డికి సుమారు 40 కిలోమీటర్ల దారి. ఇరుప్రక్కల ఎఱ్ఱని చెలకలు. వాని నడుమ ఏనుగులు పండుకొన్నట్లు నల్లరాతి గుండ్లు. గుండ్ల సందులలో పొదలు. ఇది ఎడారి యని మేము చెప్పబోము. వానలు గట్టిగనే పడును, కాని సంవత్సరపు వానలో ఎక్కువ పాలు నాలుగు నెలలలోనే పడి, మిగిలిన ఎనిమిది నెలలు నేల నోరు తెఱచికొని యుండును. 2025 ఆగస్టు నెలాఖరున రెండు దినములలోనే ఈ జిల్లాలో రైలుకట్టలు కొట్టుకొనిపోవునంత వాన కురిసినది. ఇట్టి అతివృష్టికిని, ఆ పైని దీర్ఘమైన దప్పికకును రెంటికిని ఓర్చినదే ఇచ్చట చెట్టుగా మిగులును.

ఓర్చిన చెట్లలో మొదట జమ్మిని చెప్పవలెను. తాడ్వాయి దాటిన పిమ్మట ఒక గట్టు మీద వంకరమాను, సన్నని యాకు, చిన్న ముండ్లు గల చెట్టొకటి నిలిచి యుండెను. చూచుటకు ఘనముగా నుండదు. కాని ఇది నిజముగా ఎడారిచెట్టు. రాజస్థానపు థార్ ఎడారిలో దీనినే ఖేజ్‌డీ యందురు. దాని వేరు నీటిని వెదకికొనుచు ఎన్నో నిలువుల లోతునకు దిగును. అందుచే గ్రీష్మమున తక్కిన చెట్లు మోడులైనను ఇది చిగిర్చును. అచ్చటి స్త్రీలు దీని లేతకాయలను ఎండబెట్టి సంవత్సరమంతయు కూర వండుకొందురు. 1730లో జోధ్‌పూరు రాజు కోటపనికి సున్నము కాల్చుటకై ఖేజడ్లీ గ్రామపు చెట్లు నరుకుటకు భటులు రాగా, అమృతాదేవి యను బిష్ణోయి గృహిణి చెట్టును కౌగిలించుకొని ప్రాణమిచ్చినది. ఆమె వెనుక ఆమె బిడ్డలును, ఊరివారును, మొత్తము 363 మంది మడిసిరని ఆ సీమవారు నేటికిని స్మరింతురు.

పాండవులు ఆయుధములు దాచినది శమీవృక్షముపైన నని మనమందరము ఎఱుగుదుము. తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైన 2014లోనే జమ్మిని రాష్ట్రవృక్షముగను, తంగేడును రాష్ట్రపుష్పముగను నిర్ణయించిరి. దసరానాటి సాయంకాలము జమ్మియాకును ‘బంగారము’ అని చేతులలో పెట్టి పెద్దల కాళ్లకు మ్రొక్కుట ఇచ్చటి యాచారము. పిల్లలు ఆ దినము కొఱకు ఎదురుచూతురు. అయితే మేము చూచిన చెట్టు మానున ఒకవైపు కొమ్మలన్నియు నిరుటి గొడ్డలిగాట్లతో మొండియై యున్నవి. ఒక్కొక్క యాకు గిల్లి తీసికొను ఆచారము, కొమ్మలు నరికి బండి కెత్తి బజారున అమ్ముట వరకు వచ్చినది. కొనువారు భక్తితోనే కొనుచున్నారు. చెట్టునకు మాత్రము ఆ భేదము తెలియదు.

జమ్మికి కొంచెము దూరమున ఒక మక్కచేను. చేని గట్టున ఒక వృద్ధురాలు ఒడినిండ గునుగు కోసికొనుచుండెను. గునుగును ఎఱుగని మన కోస్తా సోదరీమణులకై చెప్పవలసినది: ఇది మోకాటి యెత్తున, ఒక్కొక్కప్పుడు నడుమెత్తున పెరుగు కలుపుమొక్క. కొనయందు కంకివలె నిలిచిన పువ్వు తెలుపు, మొదట కొంచెము గులాబి ఛాయ. దాని రేకు పువ్వై యుండగనే కాగితమువలె పొడిగా నుండును గనుక కోసినను వాడదు, రంగు పట్టును. ఆమె మమ్ము చూచి, ‘‘పట్నంల పువ్వు దొరుకుతలేదా బిడ్డా, ఇంత దూరం వచ్చిండ్రు?’’ అని యడిగినది. ‘‘చూచి పోదామని వచ్చితిమి అవ్వా’’ యంటిమి. ఆమె నవ్వి, ‘‘ముందుగాల అయితె చూసేటట్టే ఉండె. చేన్ల నడుమ తెల్లగ పరుచుకొని ఉండేది. ఇప్పుడు గడ్డిమందు కొడుతున్నరు. గట్ల మీద ఉన్నదే ఉన్నది’’ అన్నది. మఱల తానే, ‘‘కలుపు తీయ మనుషులు దొరుకుతలేరు, రైతు మాత్రం ఏం జేస్తడు?’’ అన్నది.

ఆ రెండు మాటలలో సంగతి యంతయు నున్నదని మాకు దోచినది. గునుగు కలుపే, పంటకు దక్కవలసిన సారమును అది పంచుకొనును. దానిని స్త్రీలు చేతులతో తీసిన దినములలో కొంత పోయి కొంత మిగిలెడిది. లేత గునుగును కూర వండుకొనెడివారు, ముదిరినదానిని పశువులకు వేసెడివారు, గట్టున తప్పించుకొన్నది బతుకమ్మకు వచ్చెడిది. మందు కొట్టినచో మిగులుట యను మాట లేదు. రైతును తప్పుపట్టుట మాకు న్యాయముగా దోచలేదు. ఆ కూలి వెచ్చము ఎంతయో వాని కెఱుక. కాని పంటకు అడ్డురాని గట్టున, చెఱువుకట్టన, దారిప్రక్కన గూడ ఆ మందునే పోయుట మాత్రము అక్కరలేని పని.

ఆ అవ్వ మాకు గట్టు పొడవునను నడచుచు ఒక్కొక్క మొక్కను చూపినది. పలకలు పలకలుగా కణుపులు గట్టి గుండుమీదికి ప్రాకిన తీగ నల్లేరు. తన కాండమునందే నీరు దాచుకొనును. విరిగిన యెముకకు కట్టు కట్టుటలో దానిని వాడుదురు, లేతది పచ్చడికి వచ్చును. చేతికి నూనె రాచికొని తరుగకున్న దురద పెట్టును. తెల్లని చిన్న పూల తుమ్మి వినాయకచవితినాడు కూరకు. ఉత్తరేణి పత్రిపూజకు, పండ్లు తోముటకు. పరికి పొదలో పులుపుపండ్లు గొఱ్ఱెలకాపరి పిల్లల సొత్తు. ‘‘దీన్ని ముట్టకుండ్రి’’ అని జెముడును చూపినది. దాని పాలు కంట బడిన చూపునకే మోసము. మన జెముళ్లలో చాలవఱకు ఈ పాలుగారు జాతివి, అమెరికా జెముళ్లకు చుట్టములు కావు. నాగజెముడు మాత్రము అచ్చటి నుండి వచ్చినది. ఒకప్పుడు దక్షిణదేశపు కంచెలన్నియు అదియే నిండియుండగా, 1926లో దానిని తిను ఒక చిన్న పురుగును తెప్పించి విడిచిరి. కొలది వత్సరములలో అది ఆ జెముడును చాలవఱకు తుదముట్టించినది. పెద్దలు చెప్పు నాగజెముడు దడులు నేటి పిల్లలకు కనబడకపోవుటకు కారణ మిది.

ఆ యవ్వకు అక్షరములు రావు. ఏ పలకయు చదువకయే ఆ గట్టు పొడవునను ఇరువదికి పైగా పేర్లు, రుచులు, వేళలు చెప్పినది. ఫీనిక్సు తోటలో ఒక్కొక్క చెట్టు మొదట పేరు వ్రాసిన రేకు గలదట. ఇచ్చట ఆ రేకులు ఇట్టి ముసలమ్మల నోళ్లలో నున్నవి. ఆమె మనుమరాలు కామారెడ్డి కళాశాలలో చదువుచున్నదనియు, పండుగకు వచ్చి పువ్వు పేర్చునే గాని కోయుటకు చేనికి రాదనియు చెప్పినది. ఆ మాటలో కోపము లేదు, కొంత గర్వమే గలదు.

ఇక పేర్చుట. బతుకమ్మ యనగా దేవత పేరును, ఆ పూలగోపురము పేరును, ఆ తొమ్మిది దినముల పండుగ పేరును గూడ. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియును. ఇచ్చటి స్త్రీలు మూలనాళ్లుగా జరుపుకొనుచున్న యీ పండుగను 2014లో రాష్ట్రోత్సవముగా ప్రకటించిరి. తాంబాళములో గుమ్మడియాకులు పఱచి, అంచు వెంట తంగేడును చుట్టుగా అమర్తురు. దానిపై గునుగు వరుస: కాడలు సమముగా కత్తిరించి, గుప్పెడు గుప్పెడుగా దారముతో కట్టి, కొనలను ఎఱుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో ముంచి ఆరబెట్టినవి. ఆపైన బంతి, కట్లపూలు, చామంతి, బీరపువ్వు. ప్రతి వరుసయు క్రింది వరుస కంటె కొంచెము లోనికి జరుగవలెను. నడుమ గుల్లలో ఆకులు, తరిగిన కాడలు కూరవలెను. లేకున్న నెత్తుకొని నాలుగడుగులు వేయకమునుపే క్రుంగిపోవును. శిఖరమున గుమ్మడిపువ్వు, పసుపుగౌరమ్మ. ఇది శిల్పశాస్త్రమే. ఏ గుడిగోపురమును కట్టు స్థపతియు ఇంతకంటె వేఱు లెక్క వేయడు. ఒక్క భేదమేమనగా, స్థపతి కట్టినది వేయేండ్లు నిలుచుటకు, మన యాడువారు కట్టినది సాయంకాలము చెఱువులో విడుచుటకు.

పూలకు వలె ఫలహారమునకు గూడ ఈ నేలయే మూలము. రొట్టెలు నలిపి, బెల్లము, నేయి కలిపి చేయు మలీద ముద్దలు పాట ముగిసిన పిమ్మట పంచుదురు. నువ్వులు, పల్లీలు, కొబ్బరి వేసిన సద్దులును అట్లే. కామారెడ్డి బెల్లమునకు గల పేరు ఆ దినములలో ముద్ద ముద్దకు తెలియును.

లింగంపేటలో నాగన్నబావి యను పురాతనమైన మెట్లబావి గలదు. రాతిమెట్లు అంతస్తు క్రింద అంతస్తుగా నీటి వరకు దిగును. పొదలు మూసి, పూడిక నిండి బహుకాలము మఱుగుపడియున్న దానిని ఇటీవలి వత్సరములలో బాగుచేసిరి. ఎండకు మాడిన మెట్టనేలలో నాలుగు మెట్లు దిగగానే తగిలిన ఆ చల్లదనము మేము మఱువము. నీటిని దాచుకొనుటలో నల్లేరు ఎట్లో, ఈ బావి కట్టినవారును అట్లే.

ఎల్లారెడ్డి చిన్న పట్టణము. మేము పోవునప్పటికి అంగడిలో గంపలనిండ సీతాఫలములు, వాని ప్రక్కన గునుగు కట్టలు, తంగేడు కట్టలు. ఊరిచుట్టు ఊరక పూచునవి అంగడికెక్కినవని మాతో వచ్చిన సోదరి నిట్టూర్చినది. అమ్మునది కూలికి పోవు స్త్రీయే గనుక నాలుగు రూపాయలు ఆమెకే దక్కుచున్నవి; అందుకు మేము విచారింపము. మాకు కష్టము తోచినది వేఱొకటి. ఒక అంగడిలో ప్లాస్టిక్కు పూలతో నాలుగు వేళ్ల మందమున దుమ్ము పట్టిన ‘తయారు బతుకమ్మలు’ వ్రేలాడుచుండెను. నీటిలో విడువరాని బతుకమ్మ యేమి బతుకమ్మ? దానిని మఱుసటి యేటికి అటక మీద పెట్టుదురేమో!

వీధి యరుగుల మీద ఒడిలో చేటలు పెట్టుకొని స్త్రీలు బీడీలు చుట్టుచుండిరి. ఈ జిల్లాలోను, నిజామాబాదు ప్రాంతమునను బీడీలు చుట్టి సంసారమునకు చన్నీళ్లకు వేన్నీళ్లు తోడు చేయు స్త్రీలు అసంఖ్యాకులు. ఆ యాకు తునికియాకు. తునికి యీ ఎండుటడవుల చెట్టే. ఏప్రిలు, మే నెలలలో లేతాకు కోసి కట్టలు కట్టుదురు. పొగాకు ధూళి ఆ తల్లుల ఊపిరికి చేటు చేయును. ఆ పని మానుమనుట సులభము. దానికి బదులు మఱియొక పని చూపుట కష్టము.

ఎల్లారెడ్డికి పడమట మంజీరపై 1923 నుండి 1931 వరకు కట్టిన నిజాంసాగరము గలదు. దానిని గూర్చి పలువురు వ్రాసియున్నారు గనుక విడుచుచున్నాము. మేము నాగిరెడ్డిపేట మీదుగ పోచారమునకు బోయితిమి. ఒక వాగునకు అడ్డముగా 1916–1922 నడుమ కట్టిన కట్ట యది. దాని చుట్టునున్న యడవి నిజామునకు వేటభూమి. 1952లో వన్యప్రాణులకు అభయారణ్యమైనది. విస్తీర్ణము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. మద్ది, చండ్ర, తునికి, మోదుగు – ఎండకాలమున ఆకు రాల్చి ప్రాణము దక్కించుకొను చెట్లే యన్నియు. మోదుగు మాత్రము ఆకులన్నియు రాలిన పిమ్మట ఫాల్గుణమున అడవికి నిప్పంటుకొన్నట్లు పూచును. ఆ పువ్వు కాచిన పసుపునీరే వెనుకటి హోళీరంగు. ఆ యాకు విస్తరికి. 2025 నాటి వరదలో ఆ కట్టపై నీరు పొర్లి, ఒక ప్రక్క మన్ను కోసికొనిపోగా, క్రింది గ్రామములవారు రాత్రులు నిద్ర లేక గడపిరి. నూఱేండ్లు దాటిన ఆ రాతికట్ట మాత్రము నిలిచినది.

దారిలో అడవి యంచులను మ్రింగుచున్న సర్కారుతుమ్మను గూర్చి ఒక మాట. ఇది జమ్మికి దూరపు చుట్టమైనను అమెరికా ఖండము నుండి తెచ్చినది. వంటచెఱకునకు పనికివచ్చును, కాని తన నీడన మఱియొక మొక్కను బ్రదుకనీయదు. నరికిన మొదటనే మఱల గుబురుగా లేచును. జోధ్‌పూరులో మెహ్రాన్‌గఢ్ కోట క్రింది రాతినేల నంతటిని ఇది ఆక్రమింపగా, 2006లో దానిని తొలగించుటకు పూనుకొనిరి. రాతిగనులలో పనిచేయు కూలివారు ఉలులతో బండను తొలచి వేరు వేరున పెకలించి, ఆ గుంటలలోనే థార్ ఎడారి మొక్కలను నాటిరి. రావు జోధా ఎడారి శిలోద్యానమను పేరున 2011లో దానిని ప్రజలకు తెరచిరి. మన కామారెడ్డి గుండ్ల నడుమ అట్టి పని చేయుటకు ఎడారిమొక్కలను ఎచ్చటి నుండియు తేనక్కరలేదు. ఉన్నవానిని ఉండనిచ్చిన చాలును.

ఇంటి పెరటిలో నాలుగడుగుల తావు గలవారికి కొన్ని సూచనలు. తంగేడు కాయ గోధుమరంగునకు తిరిగి గలగల లాడినప్పుడు గింజ తీయవలెను. పైతోలు గట్టిది గనుక వేడినీటిలో పోసి రాత్రియంతయు నాననిచ్చి, తొలకరిలో విత్తవలెను. ఎఱ్ఱనేలయైనను, రాతినేలయైనను సరే, నీరు నిలువరాదు. గునుగునకు అంత శ్రమ లేదు. ఎండిన కంకిని గుడ్డపై దులిపిన నల్లని మెఱుగుగింజలు రాలును. తొలివాన పడగానే చల్లి మన్ను పలుచగా కప్పవలెను. పూర్తిగా గింజ ముదురక ముందే కంకులన్నిటిని కోయక, నాలుగు మొక్కలను విత్తనమునకు విడువవలెను. జమ్మిగింజను ఒక దినము నానబెట్టి లోతైన సంచిలో పెట్టవలెను, వేరు మొదటనే పొడవుగా దిగును. పెరుగుట మెల్లన, తొందరపడరాదు.

ఈ దారి చూడగోరువారికి బతుకమ్మకు ముందరి వారము తగిన కాలము. మోదుగును చూడవలెనన్న హోళీకి ముందు పోవలెను. సికింద్రాబాదు నుండి కామారెడ్డికి రైళ్లును, బస్సులును గలవు. అచ్చటి నుండి ఎల్లారెడ్డికి బస్సు దొరకును, కాని నచ్చిన చోట నిలుచుటకు ఆటో కుదుర్చుకొనుట మేలు. త్రాగునీరు వెంట నుండవలెను. కోసిన తంగేడు త్వరగా వాడును గనుక పూలు కోయువారు తెల్లవారుజాముననే గట్లకు పోదురు. వారితో మాటలాడ గోరువారు ఏడు గంటల లోపలనే కామారెడ్డి విడిచి బయలుదేరవలెను.